రెండో అంబులెన్సు

జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి, మధ్యాహ్నం. ఐసీయూ బయట బెంచీ మీద బాక్సర్ మురళి తండ్రి అసిరయ్య, పక్కన ఒళ్లో కాగితం పెట్టుకుని కోడలు ప్రియ. నిన్న సాయంత్రం పర్సుడీహ్ మైదానంలో పోటీలో పడిపోయిన మురళి, తలకి ఆపరేషనయ్యాక ఇంకా కళ్లు తెరవలేదు.

"కంప్లైంటు ఇవ్వొద్దన్లేదమ్మా నాను. ఆడు కళ్లు తెరిసేక ఇద్దుమన్నాను."

"తెరవకపోతేనో?"

"అలగనకు తల్లీ."

"డాక్టరే అన్నాడు మావయ్యా. అరగంట ముందు తెచ్చుంటే మాట వేరేగా ఉండేదట. కుర్చీలు మోసే చోటా హాథీ బండిలో ఏసి తెచ్చేరు మనిషిని! అంబులెన్సు లేదా వీళ్లకి?"

"ఉన్నాది కదేటి ఒకటి."

"ఒకటే! రెండు కావాలని సీతారామరావు ఇంటికెళ్లి మరీ చెప్పేను. పోటీలు పెట్టేది మీరు, టికెట్టు మీద పది రూపాయలెక్కువ ఏస్కోండి, రెండో బండి వచ్చెత్తాది, గొంతులో గొట్టం వెయ్యడం వచ్చిన డాక్టరూ వత్తాడు అన్నాను. హా బేటీ, హా బేటీ అన్నాడు. పదీ వసూలు చేసేడు. దాంతో ఏం తెచ్చేడు?"

"లైట్లు."

"లైట్లు! రంగురంగులవి."

"ఆడి మీద రాయి. రాయాల్సిందే."

"రాసేసేను. ఇప్పుడు పింటూ మీద రాత్తన్నాను."

"పింటూ... పింటూ మీదెందుకు?"

"టైమ్‌కీపరు వాడే కదా. మొదటి ఆటలో దవడ విరిగిన కుర్రాణ్ని ఎక్కించుకుని అంబులెన్సు వెళ్లిపోయింది. అది తిరిగొచ్చి రింగు పక్కన ఆగేదాకా తర్వాతి ఆటకి గంట కొట్టకూడదు. రూల్ హై! దోస్తు దీపక్ రింగులో పోయేక, బాక్సర్లందర్నీ కూడేసి ఆ రూలు పెట్టించిందే మీ అబ్బాయి. మరెలా కొట్టేడు పింటూ?"

"టీ తాగుతావేటమ్మా?"

"నహీ చాహియే."

"నిన్నట్నుంచీ ఏటీ తిన్లేదు. కేంటీన్లో ఇడ్లీ..."

"మావయ్యా. మీరు రింగు పక్కనే ఉన్నారు."

"ఉన్నాను."

"పింటూ ఎందుకు కొట్టేడు?"

"పింటూ పేరు రాయకమ్మా."

"మీ దగ్గర బాక్సింగు నేర్చుకున్నాడనా?"

"కాదు."

"సీతారామరావు మీకేమైనా ఇచ్చేడా?"

"ఛీ! ఆడి డబ్బు ముట్టుకుంటే నా సెయ్యి పుచ్చిపోద్ది."

"మరెందుకీ దాపరికం? లోపలున్నది మీ కొడుకు. నా మొగుడు. పైసల కోసం రాయట్లేదు మావయ్యా నేను. ఇంకొకడి పెళ్లాం వచ్చి ఈ బెంచీ మీద కూర్చోకూడదు. బస్, అంతే."

"పింటూ కొట్టనన్నాడు."

"క్యా?"

"బండి రాందే కొట్టనని సుత్తి కింద పడీసి, సేతులు కట్టుకుని నిలబడిపోనాడు. పావుగంట అలగే. జనం కుర్చీలిరగ్గొట్టెత్తన్నారు. సీతారామరావు బెదిరిపోయి ఆట రద్దు సేసెత్తానన్నాడు."

"చెయ్యనివ్వాల్సింది! రద్దయితే ఇంటికొచ్చి అన్నం తిని పడుకునేవాడు కదా!"

"అవునమ్మా. తిని పడుకునేవోడు."

"మరి గంటెలా మోగింది?"

"కొట్టినోడు సెడ్డోడు కాదమ్మా."

"చెడ్డోడు కాదా?"

"ఆర్నెల్లు కష్టపడ్డాడు కుర్రోడు, ఒళ్లు సల్లారిపోతంది, ఈ ఆట పోతే మళ్లీ ఎప్పుడు పిలుత్తారో, పది నిమిషాల్లో బండొచ్చెత్తాది కదా, ఏటవుద్ది... అనుకున్నాడు. అనుకుని సుత్తి తీసేడు."

"ఆ అనుకున్నోడి పేరే అడుగుతున్నాను. చెప్పండి, పెన్ను పట్టుకునే ఉన్నాను."

"రాయమ్మా. అసిరయ్య. మురళి తండ్రి."