మేనకోడలి ఒక్క మార్కు

ఏం మాట్లాడుతున్నావయ్యా దర్జీ, ఈ టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఒక్క మార్కేగా అంటావా? ఆ ఒక్క మార్కుతో నా మేనకోడలి నర్సింగు సీటు పోతోంది! ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషు ట్యూషన్లు చెప్తున్నవాణ్ణి, నా దగ్గర చదివిన పిల్లకి తప్పు పెడతారా?

నువ్వే చెప్పు. నీ కొట్టు తలుపు మూసుంది, లోపల మిషన్ చప్పుడవుతోంది. నువ్వేం చేస్తున్నట్టు?

"కుడుతున్నట్టు."

అదీ! పరీక్షలో ఇలాంటి ప్రశ్నకే పిల్ల 'మస్ట్ బీ వర్కింగ్' అని రాసింది, లోపల పనిచేస్తూ ఉండుంటాడని. పేపరు దిద్దిన మహానుభావుడు దాన్ని కొట్టేసి 'మస్ట్ వర్క్' అని పెట్టాడు. అంటే పనిచేసి తీరాలని హుకుం! నీ కొట్టులో నీకే హుకుమా? నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా పరీక్షల ఆఫీసుకి పోయా. నన్ను చూసి గుమాస్తా కుర్చీలోంచి లేచాడు.

"లేచాడా!"

గుమాస్తా ఏంటి, ఆఫీసంతా లేచింది. పెద్దాఫీసరు 'మాస్టారూ, ఇన్నాళ్లూ చీకట్లో బతికాం' అని బావురుమన్నాడు. దేశంలో దిద్దిన పేపర్లన్నీ నలభై లారీల్లో వెనక్కి రప్పించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? విమానాశ్రయం నుంచి ఫోను! పైనున్న పైలట్‌కి 'మే లాండ్', దిగొచ్చు అని చెప్పాల్సింది పోయి, 'మే బీ లాండింగ్', దిగుతున్నాడేమో అన్నారట. దిగమన్నారో, తన గురించి వాళ్లలో వాళ్లు అనుకుంటున్నారో తెలీక పాపం మూడు రోజులుగా గాల్లోనే తిరుగుతున్నాడు.

"మూడు రోజులకి పెట్రోలో?" అన్నాడు టీ కొట్టాయన.

నీ పెట్రోలు గోలేంటయ్యా, అక్కడ భాష తగలబడిపోతుంటే! ఫోను లాక్కుని 'మే లాండ్!' అని ఒక్క అరుపు అరిచా. ఆ విమానంతో పాటు ఇంకో పదకొండు దిగాయి. అందులో రెండు అసలీ ఊరికి రావాల్సినవే కావు!

"అన్నయ్యా."

ఇదుగో మా చెల్లెలు, పిల్ల తల్లి. రామ్మా, వీళ్లకి చెప్పు.

"ఇందాకట్నుంచి వెనకే నిలబడి వింటున్నా. మళ్లీ దిద్దమని రాసిన దరఖాస్తు ఇచ్చేశావా?"

ఇవ్వడమేంటమ్మా, నలభై లారీలు...

"మరి నీ జేబులో ఉన్నదేంటి?"

అదా... 'మే కన్సిడర్', పరిశీలించొచ్చు అని రాయాలా, 'మే బీ కన్సిడరింగ్', పరిశీలిస్తున్నారేమో అనాలా అని... ఆరుసార్లు మార్చా. తప్పు దొర్లకూడదు కదమ్మా, పిల్ల బతుకు...

"ఇవాళ ఐదింటితో గడువైపోతుందన్నయ్యా. నీ కోసం చూసి చూసి పిల్లే వెళ్లింది. మన భాషలోనే నాలుగు ముక్కలు రాసిచ్చొచ్చింది. గుమాస్తా కూర్చునే తీసుకున్నాడట."