మట్టే గురువైతే పిడి ఎవరు పెడతారు?

తమ్ముడి చేతులు మోచేతుల దాకా మట్టి, అందుకే కలం అక్క పట్టింది. ప్రదర్శనలో అతని కూజా పక్కన అంటించే పరిచయం సాయంత్రంలోగా పంపాలి.

“రాయక్కా. ‘ఈ కళాకారుడు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మట్టే అతని గురువు.’”

“మట్టా? నీ మొదటి కుండ చక్రం మీంచి ఎగిరి గోడకి అతుక్కుంటే, నీ చేతుల మీద చేతులేసి నేర్పిందెవర్రా?”

“అబ్బా, ఇలా రాస్తేనే గొప్పగా ఉంటుంది. యాభై మాటలే రాయమన్నారు, నీకు చోటెక్కడక్కా?”

“‘మట్టితో మౌనంగా మాట్లాడతాడు’ అని రాయించావే, అది కొట్టేస్తే బోలెడు చోటు. నిద్రలో కూడా గురక పెట్టేవాడికి మౌనమేమిటి?”

“అది మాత్రం కొట్టెయ్యకు! నువ్వు రాసెయ్, నేను సంతకం పెడతా. ముందు ఈ కూజాకి పిడి పెట్టివ్వు.”

“నీ గురువుని అడుగు.”

“అక్కా!”

“నువ్వు పెట్టిన పిడులన్నీ ఏమయ్యాయి? ఎత్తితే పిడి చేతిలోకొచ్చింది, కూజా బల్ల మీదే ఉండిపోయింది.”

“మట్టి ఆరిపోతోందే! ఇంకాసేపైతే పిడి అతకదు, ప్రదర్శనకి మొండి కూజా పంపాలి!”

“ఆరనీ. నా కలం ఆరదులే.”

“సరే తల్లీ, రాయి. ‘అక్క దగ్గర నేర్చుకున్నాడు.’ చాలా?”

“రాశా.”

“మరి ఇంకా ఏం రాస్తున్నావు?”

“‘ఇంకా నేర్చుకుంటున్నాడు.’ ఏదీ, ఆ కూజా ఇలా తే.”