శాటిలైట్‌ని నిలబెట్టిన గొంతు

"ఫోన్‌లో కథలు వినిపించడం ఏటి గొప్ప సార్, ఆ పని నేను ఎప్పుడో చేసీసేను" అన్నాడు సూర్యారావు, కుర్చీ కాస్త ముందుకి జరుపుకుంటూ.

ఆయన కుర్చీ జరిపాడంటే ఇక మన పని అయిపోయినట్టే. నేను ఆయనకి పక్కింటివాణ్ణి, పేరు త్రినాథరావు. గూడ్సు గార్డుగా రిటైరయ్యాను. ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసి రిటైరయ్యాడు. వరసకి ఏమీ కాకపోయినా బావా అంటే బావా అనుకుంటాం. భిలాయి-3లో ఆయన ఇంటి వరండాలో కూచుని ఎన్ని ఆదివారాలు ఆయన కోతలు విన్నానో నాకే తెలియదు. కానీ ఆ రోజు ఆయన ఊరికే కోయడం లేదు, పని పడి కోస్తున్నాడు.

సంగతేమిటంటే, మా ఆంధ్ర సమాజం వాళ్ళు ఒక ఫోన్ నంబరు పెట్టబోతున్నారు. దానికి ఫోన్ చేస్తే తెలుగులో కథ వినిపిస్తుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకి హిందీ వచ్చినంత తెలుగు రాదు కాబట్టి, కనీసం చెవినైనా పడుతుందని ఆశ. ఆ కథలు చెప్పడానికి ఒక గొంతు కావాలి. సమాజం అధ్యక్షుడు రామచంద్రరావు గారు ఇక్కడి స్టీలు ప్లాంటులో పెద్ద ఇంజనీరుగా చేసిన మనిషి. సూర్యారావు పనికొస్తాడా, లేక విశాఖపట్నం నుంచి ఎవరినైనా రప్పించాలా అన్నది తేల్చుకుందామని భార్య కుసుమగారిని వెంటబెట్టుకుని ఆయనే వచ్చారు.

సూర్యారావుకి ఈ అవకాశం ఎంత కావాలో నాకు తెలుసు. రాయపూర్‌లో ఉన్న ఆయన కొడుకు కూతురు శ్రుతి, తాతతో హిందీలో తప్ప మాట్లాడదు. "ఆ నంబరు తిప్పితే నా గొంతు దాని చెవిలో పడతాది కదా బావా" అన్నాడు పొద్దున్న నాతో. ఆ మాటలో మాత్రం కోత లేదు. నాకు జాలేసింది.

లోపల వంటింట్లో ఆయన భార్య చిన్నమ్మలు మిరపకాయ బజ్జీలు వేస్తోంది. బయట సూర్యారావు మొదలుపెట్టాడు.

"మా ఎక్స్ఛేంజిలో అప్పట్లో ఒక నంబరు ఖాళీగా ఉండీది సార్. ఎవరికీ ఇవ్వలేదు. స్కూళ్ళకి సెలవులిస్తే చాలు, క్వార్టర్లలో పిల్లగుంటలు ఫోనెత్తి మా ప్రాణాలు తోడీసీవారు. అంకుల్ టైమెంత, అంకుల్ పాట పెట్టండి, అంకుల్ కథ చెప్పండి. ఎంతమందికని చెప్తాం? ఒక కథ క్యాసెట్టులోకి ఎక్కించి, టేప్ రికార్డరు పట్టుకెళ్ళి ఆ ఖాళీ నంబరుకి తగిలించీసేను. టేపు అయిపోతే మళ్ళీ మొదటికి తిప్పడం, పెట్టడం. ఎవరు ఆ నంబరు చేసినా కథ చెవిలో పడతాది. బస్. అంతే. చాలా చిన్న పని."

"ఆ రోజుల్లో ఆ ఆలోచన రావడం గొప్పేనయ్యా" అన్నారు రామచంద్రరావు గారు, మనస్ఫూర్తిగానే.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! మెచ్చుకోలు చెవిలో పడ్డాక మా బావ ఆగడు.

"గొప్పే అని ఊరుకుంటారేటి సార్! ముందు గుంటలు విన్నారు. తరవాత వాళ్ళ అమ్మలు విన్నారు. ఆ తరవాత అత్తగార్లు కూడా మొదలెట్టీసేరు. ప్లాంటు క్వార్టర్ల సెక్టార్లలో మధ్యాన్నం పూట ఏ ఇంటి ముందు నుంచి వెళ్ళినా మాడిన పప్పు వాసనే. కుక్కరు కూత ఎవడికి కావాలి, రాకుమారుడు ఏటయ్యేడో తేలాలి కదా! ఒక ఇంటికి కొత్తల్లుడు వచ్చి బెల్లు కొడితే, ఆగు బాబూ, రాక్షసుడు చచ్చేక తలుపు తీస్తాను అన్నాదట అత్తగారు. ఆ అల్లుడు అలగడం మానేసి, ఏ రాక్షసుడండీ అని కిటికీ దగ్గర చేరేడు. ఆ తరవాత ఏటయిందో తెలుసా?"

"చెప్పు, చెప్పకపోతే ఊరుకుంటావా?" అన్నాను.

"రైల్వే యార్డు కేబిన్లో ఫోనుండీది కదా. ఒక గూడ్సు డ్రైవరు ఏదో అడుగుదామని ఫోనెత్తి నంబరు తప్పు తిప్పేడు. కథ తగులుకుంది. సిగ్నల్ పచ్చగా పడ్డాది, బండి కదల్లేదు. అరే భాయ్, చలో అని అందరూ అరుస్తన్నారు. రాక్షసుడి ప్రాణం ఏ చిలకలో ఉందో తెలిస్తేనే గానీ ఇంజను ముట్టను అన్నాడు. వెనకాల కుమ్హారి స్టేషను దాకా బళ్ళే బళ్ళు సార్! ఆ బళ్ళలో ప్యాసింజర్లు తిట్టలేదు సరికదా, కథ ఎంతవరకు వచ్చిందని పెట్టె పెట్టెకీ కబురు పంపించుకున్నారు."

"బావా, ఆ రోజుల్లో ఆ గూడ్సులకి గార్డుని నేనే కదా? నాకలాంటిదేమీ గుర్తులేదే."

"నువ్వు ఆఖరి పెట్టెలో కూచునీవాడివి. ముందేటవుతుందో నీకెలా తెలుస్తాది?"

నలభై వ్యాగన్ల వెనక కూచున్నవాణ్ణి, ఇంకేం చేస్తాను, ఛాయ్ గ్లాసు అందుకున్నాను.

"మనుషుల సంగతి వదిలెయ్యండి సార్. ఇంట్లో ఫోను లేకపోతే పొరుగింటికి పోతారు. పిట్టలు పాపం ఎక్కడికి పోతాయి? భిలాయి-3 నుంచి దుర్గ్ దాకా టెలిఫోన్ తీగల మీద గోరింకలు వరసగా వాలిపోనాయి. కాళ్ళలోంచి కథ ఎక్కుతాది కదా వాటికి."

"కాళ్ళలోంచా?" అన్నారు రామచంద్రరావు గారు. ఇంజనీరు కదా, ఉండబట్టలేదు.

"కరెంటయితే షాక్ కొడతాది సార్. కథ మెత్తగా ఎక్కుతాది. ఆ బరువుకి తీగలు కిందికి వేలాడిపోయి, స్కూలుకెళ్ళీ గుంటలు వాటిమీద ఉయ్యాల ఊగీవారు. దుర్గ్ కోర్టు ముందు ఒక గోరింక ఒక వకీలు భుజం మీద వాలి, అనగనగా ఒక రాజు, అన్నాది. ఏక్‌దమ్ మన శ్రీకాకుళం యాస! ఆ వకీలు ఛత్తీస్‌గఢీ మనిషి, బిత్తరపోయి 'కా కహత్ హస్?', ఏటంటున్నావు, అని దాన్నే అడిగేడు. అది విసుక్కుని, ముందు కథ విను అన్నాదిట."

కుసుమగారు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వచ్చినప్పటి నుంచి ఆవిడ నవ్వుతూనే, మధ్యమధ్య తల పక్కకి వంచి, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నదానిలా సూర్యారావు వైపు చూస్తోంది. సూర్యారావు దాన్ని కూడా మెచ్చుకోలు కింద జమ కట్టేసుకున్నాడు.

"ఇంక మైత్రీబాగ్ జూలో తెల్లపులి సంగతి చెప్తే మీరు నమ్మరు."

"ఇప్పటిదాకా చెప్పినవన్నీ నమ్మేశాం కదా, అదీ చెప్పు" అన్నాను.

"జూ ఆఫీసులో ఎవరో ఫోన్‌లో కథ వింటంటే దాని చెవిని పడ్డాది. ఇంక మాంసం పెడితే ముట్టదు, ఫోన్ వైపే చూస్తాది. పెద్ద వైరు లాగి రిసీవరు బోను దగ్గర పెట్టేరు. పిల్లిలా కూచుని విన్నాది సార్. కథలో రాకుమారుడు పులిని చంపుతాడు. అక్కడికొచ్చేసరికి కళ్ళంట నీళ్ళు! నేను స్వయంగా చూసేను. నా మనసు ఆగలేదు, వెంటనే కథ మార్చీసేను. పులిని చంపకుండా పెళ్ళి చేసి అత్తారింటికి పంపించీసేను. అప్పుడు గానీ అది భోజనం చెయ్యలేదు."

"పులి అయింది. ఇంక ప్లాంటులోకి రాకండి, అక్కడ నేనున్నాను" అన్నారు రామచంద్రరావు గారు, కళ్ళు తుడుచుకుంటూ.

"మీరున్నారు కాబట్టే అడుగుతున్నాను సార్. ఆ ఏడాది ఫర్నేసులోంచి ఇనుము అంత మెత్తగా ఎందుకొచ్చినాది?"

"వేడికొచ్చింది."

"వేడికి కరిగీది మామూలు ఇనుము. ఫర్నేసు పక్కన ఫోను బల్ల మీద పెట్టి వదిలీసేరెవరో. కథకి కరిగిపోనాది సార్ అది! ఆ ఇనుముతో పోసిన పట్టాల మీద ఈ రోజుకీ బండి పోతంటే జాగర్తగా వినండి. అనగనగా, అనగనగా, అనగనగా అనుకుంటా పోతాది."

సరిగ్గా అప్పుడే యార్డులోంచి ఒక గూడ్సు బయల్దేరింది. నలుగురం చెవులు రిక్కించి విన్నాం. జీవితమంతా ఆ చప్పుడులోనే బతికినవాణ్ణి, నా ఖర్మ కాకపోతే నాకూ అలాగే వినిపించింది!

ఇంక సూర్యారావుని పట్టుకోడానికి ఎవరి తరం? కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడు మీ ఫోన్లలో ఎన్ని వేషాలు! ఒకటి నొక్కితే పాట, రెండు నొక్కితే జోకు, మూడు నొక్కితే జాతకం. ఎవడికైనా ఫోన్ చేస్తే గంట మోగడం మానీసి సినిమా పాట మోగుతాది. ఇవన్నీ ఎక్కణ్ణించి వచ్చేయనుకున్నారు? ఆ ఖాళీ నంబరు కడుపున పుట్టినవే అన్నీ."

"విదేశాల్లో అంతకుముందే ఫోన్‌లో జోకులు వినిపించే నంబర్లు ఉండేవని ఎక్కడో చదివాను" అన్నారు రామచంద్రరావు గారు.

"ఉండీవి సార్, నేను కాదనను. జోకులు. ఒకసారి నవ్వీసి ఫోన్ పెట్టీసీవారు. పెట్టనివ్వకుండా పట్టుకునీది ఏదీ వాళ్ళ దగ్గర లేదు. అందుకనే సూట్లు వేసుకుని విమానాల్లో వచ్చేరు, నా గొంతు చూసుకుని పోదామని. డాక్టర్ని కూడా తెచ్చేరు. నోరు తెరిపించి, టార్చిలైటు వేసి చూసి, ఇందులో ఏదో మిషనుంది అన్నాడు ఆ డాక్టరు. మిషను లేదు నాయనా, గంజన్నం అని చెప్పేను. ఆ తరవాత ఏటయిందో తెలుసా? ఆకాశంలో పోతున్న శాటిలైట్ ఒకటుంది. ఫోన్లన్నీ దానిమీద నుంచే కదా పోతాయి. మన భిలాయి పైకొచ్చేసరికి దానికి కథ తగులుకుంది. ఆగిపోనాది సార్! ఇప్పటికీ కొన్ని శాటిలైట్లు కదలకుండా ఒక్కచోటే నిలబడి ఉంటాయని మీరు చదువుకోలేదా? ఏ పుస్తకంలోనూ కారణం రాయలేదు. కారణం ఇదిగో, మీ ఎదురుగా లుంగీ కట్టుకుని నిలబడ్డాది."

"అవి నిలబడవయ్యా, భూమితో సమానంగా తిరుగుతుంటాయి!"

"తిరగవేటి మరి? భూమితో పాటు నేనూ తిరుగుతున్నాను కదా సార్."

రామచంద్రరావు గారు రెండు చేతులూ ఎత్తేశారు. అంత చదువుకున్న మనిషి అలా పొట్ట పట్టుకుని నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. "ఇంక చాలు సూర్యారావు గారూ, మీరిలా చెబితే పిల్లలు ఫోన్ పెట్టరు. విశాఖపట్నం దాకా ఎందుకు, ఆ గొంతేదో మీదే..."

"ఒక్క నిమిషమండీ" అంది కుసుమగారు.

సూర్యారావు నోరు అప్పటికే సంతోషంతో సగం తెరుచుకుని ఉంది. అలాగే ఉండిపోయింది.

"ఆ నంబరు మాట నిజమే. మేమప్పుడు సెక్టార్ పదిలో ఉండేవాళ్ళం. మా శరత్‌కి అన్నం తినిపించడం నా వల్ల అయ్యేది కాదు. వాడి చెవి దగ్గర రిసీవరు పెట్టి, నేనూ పక్కనే చెవి ఆనించి, ముద్దలు పెట్టేదాన్ని. ఆ కథ ఎన్నిసార్లు విన్నానో!"

"చూసేవా బావా? సాక్ష్యం!" అని నా భుజం మీద చరిచాడు సూర్యారావు.

"వచ్చినప్పటి నుంచీ అనుకుంటున్నాను, ఈయన గొంతు ఎక్కడో విన్నానే అని. ఇప్పుడు తట్టింది."

"తట్టదేటి మేడమ్! మరిచిపోయీ గొంతా ఇది?"

"కానీ అన్నయ్యగారూ, ఆ కథ చెప్పింది ఒక ఆవిడ. ఎంత బాగా చెప్పేదో! ఒక్కో మాట చెప్పి ఆగేది. ఆగినప్పుడల్లా పక్కనుంచి ఒక మగ గొంతు 'ఊ' కొట్టేది. ఆ 'ఊ' మీరు కదూ?"

 సూర్యారావు నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డాడు.

"అంటే... ఊ కొట్టకపోతే కథ ఎలా నడుస్తాది మేడమ్..."

"ఉండండి, అసలుది చెప్పలేదు. రాక్షసుడు గుహలోకి వెళ్ళి పడుకునే చోటికి వచ్చేసరికి ఆ ఊ ఆగిపోయి గురక మొదలయ్యేది. మా శరత్ అది రాక్షసుడి గురకేననుకుని హడలిపోయి నోరు తెరిచేవాడు. అప్పుడు పెట్టేదాన్ని ముద్ద! మావాడు నాలుగు మెతుకులు తిని ఇంతవాడయ్యాడంటే ఆ గురక చలవేనండీ. ఆ మహానుభావుడెవరో ఇన్నాళ్ళకి కనబడ్డారు." ఆవిడ నిజంగానే చేతులు జోడించి నమస్కారం పెట్టింది.

నేను నవ్విన నవ్వుకి నా చేతిలో ఛాయ్ సగం లుంగీ మీద పడింది. రామచంద్రరావు గారికి నవ్వడానికి కూడా ఓపిక లేక కుర్చీ చేతులు పట్టుకుని ఊగిపోతున్నారు. సూర్యారావు మాత్రం నేలచూపులు చూస్తున్నాడు. అప్పుడు చూశాను ఆ ముఖం. పొద్దున్న మనవరాలి గురించి చెప్పినప్పటి ముఖమే అది. నా నవ్వు ఆగిపోయింది.

బజ్జీల పళ్ళెం పట్టుకుని చిన్నమ్మలు గుమ్మంలోకి వచ్చింది.

"కథ చెప్పింది నేనేనమ్మా" అంది కుసుమగారితో, తప్పు చేసినదానిలా నవ్వి. "ఊ కొట్టీవోళ్ళు లేకపోతే నాకు మాట రాదు. టేపు మిషను ఊ అనదు కదా, దానికేటి చెప్తాం? అందుకని ఈయన్ని పక్కన కూచోబెట్టుకున్నాను. డ్యూటీ దిగి వచ్చిన మనిషి, పాపం, కునుకు పట్టీసింది. లేపితే కథ ఆగిపోతాదని నేనూ ఆపలేదు."

రామచంద్రరావు గారు కుర్చీలోంచి లేచారు. "అయితే అమ్మా, ఈ కథలు మీరే చెప్పాలి."

"చెప్తాను బాబూ, నాకేటి కష్టం. కానీ పక్కన ఈయన ఉండాలి. ఇంకెవరు ఊ కొట్టినా నాకు కుదరదు." పళ్ళెం భర్త ముందు పెట్టి, గొంతు తగ్గించి అంది. "మా శ్రుతికి తాత గొంతు కూడా వినపడాలి కదా."

"అలాగేనమ్మా, ఈసారి కూచోబెట్టకుండా నిలబెట్టి ఊ కొట్టిద్దాం" అన్నారు రామచంద్రరావు గారు. సూర్యారావు వైపు తిరిగారు. "ఏమంటారు సూర్యారావు గారూ? ఒప్పుకున్నట్టేనా?"

సూర్యారావు భార్య వైపు చూశాడు. తరవాత నా వైపు చూశాడు. పై కండువాతో ముఖం తుడుచుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఊ" అన్నాడు.