పంచుకోవడం నేర్పిన తలపాగా మాస్టారు

1993 జూన్ పద్నాలుగో తేదీ ఉదయం మా పాఠశాల భోజనాల గదిలో ఆయా బల్లలు తుడుస్తుండగా, తలపాగా చుట్టుకున్న ఒక యువకుడు రెండో గుడ్డ అందుకుని అవతలి వరుస తుడవడం మొదలుపెట్టారు. కొత్త పనివాడనుకున్న ఆమె, మూలలు వదిలేస్తున్నావేమిటయ్యా అని గదిమిందట. ఆయన మూలలు మళ్లీ తుడిచి, చేతులు కడుక్కుని, మూడో తరగతిలో హాజరుపట్టీ తెరిచాకగానీ ఆమెకు సంగతి అర్థం కాలేదు. మాస్టారు నా చేతికింద పనిచేశారని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

పిల్లలు తలపాగా మాస్టారని పిలుచుకునే వీరు ముప్పై రెండేళ్లూ మూడో తరగతినే అంటిపెట్టుకున్నారు. ప్రధానోపాధ్యాయ పదవి రెండుసార్లు వెతుక్కుంటూ వచ్చినా, మధ్యాహ్నం పిల్లల పక్కన కూర్చోనివ్వని కుర్చీ తనకెందుకన్నారు. దైవాన్ని తలచుకోవడం, నిజాయితీగా కష్టపడటం, ఉన్నది నలుగురితో పంచుకుని తినడం అనే మూడు మాటలు సిక్కు కుటుంబంలో పుట్టిన ఆయనకు నాయనమ్మ దగ్గర అలవడ్డాయి. మూడోదాన్ని ‘వండ్ ఛక్నా’ అంటారని తోటి ఉపాధ్యాయులమైన మాకు చెప్పారు. పిల్లలకు పేరేదీ చెప్పకుండా అలవాటు చేశారు: డబ్బా మూత తీయగానే మొదటి ముద్ద పక్కవారిది. తాను తినగా మిగిలినది ఇవ్వబోయిన ఒక పిల్లవాడితో, “అది పంచడం కాదురా, పారెయ్యడానికి చోటు వెతుక్కోవడం” అన్నారు. అదే సమయంలో నా డబ్బాలో మిగిలినది ఆయాకు ఇవ్వబోతున్న నేను మూత పెట్టేసుకున్నాను.

గత నవంబరులో జరిగినదాన్ని దాచవద్దని మాస్టారే అన్నారు, పిల్ల తల్లి కూడా అంగీకరించారు గనుక రాస్తున్నాను. దర్జీ పని చేసే ఆమె ఎనిమిదేళ్ల కూతురు తన వేరుశనగ బిస్కెట్టులో మొదటి ముక్క పక్కపిల్లకు పెట్టింది. ఆ పిల్లకు వేరుశనగ పడదని ఎవరికీ తెలియదు. క్షణాల్లో పెదవులు వాచి ఊపిరి అందలేదు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి కోలుకుంది. ఎవరి డబ్బా వారే తినాలన్న కొత్త నియమాన్ని మాస్టారే తన చేతులతో గోడకు అంటించారు. దర్జీ కూతురు మాత్రం బడి మానేసింది.

ఆయన రోజూ సాయంత్రం ఆ ఇంటికి వెళ్లేవారు. కుట్టుమిషను వెనక నక్కి కూర్చున్న పిల్ల చాలా రోజులకు ఒకటే మాట అంది.

“నేను పెడితే చచ్చిపోతారు.”

“తప్పు నీది కాదు తల్లీ, నాది. పెట్టమని ఇన్నేళ్లు చెప్పాను. అడిగి పెట్టమని ఒక్కరోజూ చెప్పలేదు.”

జనవరిలో ఆ పిల్ల బడికి తిరిగి వచ్చింది. అయితే గోడవైపు తిరిగి తినేది. వేరే బల్లకు మారి, ఆ స్నేహితురాలితో మాట కలపడం మానేసింది. ముప్పై రెండేళ్ల పాఠం ఒక్క పిల్ల దగ్గర ఓడిపోయిందని మాస్టారు లోలోపల కుమిలిపోవడం పక్క గదిలో ఉన్న నేను చూశాను.

ఈ నెలలో పదవీ విరమణ చేస్తున్న మాస్టారు నిండు ఆరోగ్యంతో, కంటినిండా నిద్రతో, మనుమల సందడి మధ్య నూరేళ్లూ చల్లగా ఉండాలని మా అందరి మనసులోని కోరిక. ఆ నిద్రకు అడ్డుగా ఉన్న దిగులు తీరాలన్నది కూడా అందులో భాగమే.

మొన్న శనివారం ఆయన వెంట నేనూ ఆ ఇంటికి వెళ్లాను. ఇక పది రోజులే ఉద్యోగమని ఆయన చెబితే, పిల్ల తల్లి మిషను ఆపి, ఇకనైనా మా ఇంట్లో కాసేపు తీరిగ్గా కూర్చుంటారన్నమాట అని నవ్వబోయి కళ్లు తుడుచుకున్నారు. అంతసేపూ దారపుండలు సర్దుతున్న పిల్ల తలెత్తింది.

“దానికి ఇంకా ఏమేం పడవు మాస్టారూ?”

“నాకు తెలీదమ్మా. దాన్నే అడగాలి.”

పిల్ల దారపుండలు పెట్టెలో వేసి మూత పెట్టింది. చెప్పులు తొడుక్కుని, గుమ్మం దాటి, ఆ స్నేహితురాలి ఇల్లున్న వీధివైపు నడిచింది.