ఎదురు చెప్పని బిడ్డ

ఇంగ్లాండ్‌లో లా చదివే మనవరాలు ఫోన్ చేస్తే, మాట వినపడదని సిరిసిల్లలోని మా ఇంట్లో మరమగ్గాలు ఆపించాను.

"అవ్వా, నన్ను కాలేజీల నుంచి తీసేసిండ్రు."

"అయ్యో! ఏం జేసినవే?"

"ఏం జెయ్యలే. పరీక్షల కాపీ కొట్టిన్నని ముగ్గురు పెద్దసార్లు పిలిచి అడిగిండ్రు."

"కొట్టలేదని చెప్పకపోయినవా?"

"ఒక్కసారి చెప్పిన. మల్ల మల్ల అడుగుతుంటె, పెద్దోళ్లకు ఎదురు చెప్పుడెందుకని తల దించుకొని నిలవడ్డ. తప్పు ఒప్పుకున్నదని రాసుకున్నరు."

"ఆడివిల్ల గట్లనే గద నిలవడేది!"

"గీడ గట్ల గాదు. కండ్లల్లకు చూసుకుంట కొట్లాడాలెనట."

"మరి కొట్లాడకపోయినవా, వకీలు గావాలన్నదానివి?"

"నాకెట్ల అస్తది అవ్వా? ఇంట్ల నేను ఎన్నడన్న గట్ల మాట్లాడితె నువ్వు ఊకుంటుంటివా?"



"నోరు మూయిస్తుంటి బిడ్డా."