ఏడూ నలభై లోపు

పంజాగుట్టలో ఒక ఆసుపత్రి, మూడో అంతస్తు. కార్తీక ద్వాదశి, ఉదయం ఎనిమిది. కొడుకుకు కిడ్నీ ఇవ్వబోతున్న లచ్చమ్మ ఆపరేషన్ థియేటర్ బయట స్ట్రెచర్ మీద ఉంది. పక్కన కూతురు చంద్రిక. కొడుకు విజయేందర్‌ను కాసేపటి క్రితమే లోపలికి తీసుకువెళ్లారు.

"అమ్మా, ఇటు చూడు. హైమవతి ఆంటీ ఫోన్ చేసింది. క్యారియర్ అందిందా అని అడిగింది. ఏం క్యారియర్?"

"ఎప్పుడు చేసింది?"

"ఇప్పుడే. సత్యనారాయణ అంకుల్ పొద్దున్నే అమీర్‌పేట నుంచి స్కూటర్ మీద తెచ్చి నీ చేతికే ఇచ్చిండట. నేను కింద రక్తం కాయితాల కోసం లైన్ల నిలబడ్డప్పుడు."

"ఆ. ఇచ్చిండు. ఇంటి ఓనర్లని పేరుకే గని, సొంతోళ్ల లెక్క చూస్తరు."

"అండ్ల ఏమున్నది?"

"తీర్థం."

"తీర్థానికి రెండు గిన్నెల క్యారియరా?"

"చంద్రీ, పొయ్యేటప్పుడు అన్న కాళ్లు సల్లగున్నయే. దుప్పటి అడగకపోయినవా?"

"అడిగిన. కప్పిండ్రు. గిన్నెలల్ల ఏమున్నదమ్మా?"

"పెసరపప్పు అన్నం. ఉసిరికాయ పచ్చడి. ఇయ్యాల ద్వాదశి గదా."

"ద్వాదశైతే?"

"నిన్న ఏకాదశి ఒక్కపొద్దు ఉన్నోళ్లు ఇయ్యాల పొద్దుగాల టైం లోపల ముద్ద నోట్లె పెట్టుకోవాలె. పారణ అంటరు. ఏడూ నలభై లోపట అయిపోవాలె. దాటితే, ఉన్న ఉపాసమంత వట్టిదే."

"ఆంటీ నాకూ చెప్పింది. ఆపరేషన్ వాళ్లకి తులసి నీళ్లు ఒక్క చుక్క నాలుక మీద వేస్తే పారణ అయిపోయినట్టే, అన్నం నీకూ మీ నాన్నకీ పంపాను అన్నది. నీకు చెప్పలేదా?"

"చెప్పింది."

"మరి? నా అన్నం ఏది? క్యారియర్ ఏది అమ్మా?"

"వార్డుల మంచం కింద ఉన్నది. కడిగి పెట్టిన."

"కడిగినవా. ఖాళీ చేసి, కడిగినవా."

"వాసనొస్తదని."

"దేవుడా. అమ్మా, నిన్న రాత్రి కాయితం మొత్తం చదివి చెప్పిన్నా లేదా? పన్నెండు దాటినంక నీళ్లు సుత ముట్టొద్దని మూడుసార్లు చెప్పిన్నా లేదా?"

"చెప్పినవు బిడ్డ. నువ్వు చెప్పుడుల తప్పు లేదు."

"ఎవరి తప్పని అడుగుతలేను."

"తొలి ఏకాదశి నాడు మొదలుపెట్టిన. నిన్నటికి తొమ్మిది. మీ అన్నకు నా కిడ్నీ కలుస్తదని రిపోర్ట్ వచ్చిన్నాడు సుత ఏకాదశే. నాలుగు నెలలు ఉండి ఉండి, ఆఖరుకు ఒక్క ముద్ద కాడ చెడగొట్టుకుంటమా? చుక్క నీళ్లతోని తీరుతదంటే నాకు నమ్మబుద్ధి కాలే."

"నిన్ను ఒక్కపొద్దులే వద్దన్నరు డాక్టర్లు. కిడ్నీ ఇచ్చేటామె మంచిగ తినాలె అన్నరు. నువ్వేం చేసినవు? చవితి నాడు నాగులకని. సోమవారాలు శివునికని. వచ్చే పున్నమికి సుత గోడ మీద క్యాలెండర్ల గుండు సున్న చుట్టి పెట్టినవు. నేను చూడలేదనుకున్నవా?"

"చూస్తే అప్పుడే అనకపోయినవా."

"అంటే ఇనేదానివా? అన్నను సుత ఎక్కించినవు. డయాలసిస్ మీదున్నోడు నిన్న పొద్దంత రెండు ఆపిల్ పండ్ల మీదున్నడు."

"నేను ఎక్కియ్యలే. నీతోని నేనూ ఉంటనమ్మా అని వాడే అన్నడు. నువ్వు నాకు కిడ్నీ ఇస్తుంటే, నేను నీకు ఒక్క ఏకాదశి ఇయ్యలేనా అన్నడు."

"ఎవరో వస్తున్నరు. ఊకో."

"లచ్చమ్మ గారూ, నేను సిస్టర్ కుసుమకుమారిని. లోపలికి తీసుకెళ్లే ముందు ఇంకొక్కసారి అడగాలండి. రాత్రి పన్నెండు తరవాత ఏమైనా తిన్నారా?"

"లేదమ్మా."

"తాగారా?"

"తులసి నీళ్లు. ఒక్క చుక్క."

"చుక్కేగా, ఫరవాలేదు. రాసుకుంటాను. పళ్లేమైనా కదులుతున్నాయా? కట్టుడు పళ్లు?"

"లేవు."

"భయపడకండి. మీ అబ్బాయికి లోపల మెడ దగ్గర పైపు పెడుతున్నారు. పదిహేను, ఇరవై నిమిషాల్లో మత్తిస్తారు. ఆ తరవాత మిమ్మల్ని పక్క థియేటర్‌లోకి తీసుకుంటారు."

"వాణ్ణి సుత గిట్లనే అడిగిండ్రా అమ్మా?"

"అడగకుండా ఎలా ఉంటామండీ. ఏమీ తినలేదన్నారు. మంచి పిల్లాడు, అడిగినదానికల్లా నవ్వుతూ చెప్పాడు. సరే, ఇప్పుడే వస్తా."

"సిస్టర్."

"ఏంటమ్మా?"

"అదీ... ఏం లేదు సిస్టర్. మా బాపు కింద బ్లడ్ బ్యాంకు కాడ ఉన్నడు. పైకి రావచ్చా అని."

"రమ్మను. కానీ ఆ గీత దాటి లోపలికి రాకూడదు."

"పోయింది బిడ్డ. నువ్వెందుకు చెప్పలే?"

"నోరు రాలే. పోయిన నెల జలుబున్నదని తేదీ ఆపిండ్రు గదా, ఆ ముచ్చట యాదికొచ్చింది. అన్న ఆ రాత్రి గోడ దిక్కు తిరిగి పడుకున్నడు, మూడు రోజులు మాట్లాడలే. నాకు అదే కండ్లల్ల మెదిలింది."

"నాకూ గదే భయం. వాని చెయ్యికి డయాలసిస్ సూది ఎక్కే నరాలు ఇంక లేవు అన్నరు. మళ్ల ఆపితే ఎన్నడు పిలుస్తరో."

"నువ్వేమో సిస్టర్ మొకం చూసి తినలేదంటవి. ఇంత పచ్చిగ అబద్ధమాడంగ నిన్ను ఎన్నడు చూడలే."

"చంద్రీ, ఒకటి అడుగుత. కోపం చెయ్యకు."

"అడుగు."

"తింటే ఏమైతది? నిజంగ చెప్పు. కాయితంల వద్దని ఉన్నది గని, ఎందుకు వద్దో నువ్వు చెప్పలే."

"నువ్వు భయపడతవని చెప్పలే."

"ఇప్పుడు చెప్పు."

"మత్తిచ్చినంక ఒళ్లు మనది కాదమ్మా. గొంతు సుత పడుకుంటది. కడుపుల ఉన్నది పైకి తంతది. మామూలుగ అయితే దగ్గుతం, ఉమ్మేస్తం. మత్తుల దగ్గు రాదు. ఆ అన్నం తిన్నగ ఊపిరితిత్తులల్లకు పోతది."

"పోతే?"

"ఊపిరి ఆడది."

"వాళ్లు డాక్టర్లు గదా. తీసెయ్యరా?"

"ఒక్కోసారి తీస్తరు. ఒక్కోసారి తీసే టైం ఉండది. ఏడు గంటలకు తిన్నది ఎనిమిదింటికి ఎటు పోతది? అట్లనే ఉంటది. ఎంత తిన్నవు?"

"రెండు గిన్నెలు."

"రెండు గిన్నెలా."

"కొంచెమైతే ఏం కాదా?"

"కొంచెం యాడిది? రెండు గిన్నెలంటివి గదా. అమ్మా, ఏడవకు. నా దిక్కు చూడు. నేను సంతకం పెట్టిన. అన్ని కాయితాల మీద నేనే సంతకం పెట్టిన, మన ఇంట్ల చదువొచ్చిన దాన్ని నేనే అని. తిన్నదని తెలిసి నిన్ను లోపలికి పంపి నేను ఈడ కూసోలేను."

"ఎంత సేపైంది సిస్టర్ పోయి?"

"ఐదు నిమిషాలైతది. నేను పోయి చెప్తున్న."

"ఆపరేషన్ ఆపేస్తరు."

"ఆపనియ్యి. రేపు చేస్తరు, ఎల్లుండి చేస్తరు. నీ కిడ్నీ ఎటు పోదు, నీ కడుపులనే ఉంటది. అన్నకింక మత్తియ్యలే, వాణ్ణి ఎట్ల తీసుకపోయిండ్రో అట్లనే బయటికి తెస్తరు. వానికేం కాదు. తిట్టనియ్యి, మనిద్దర్ని నిలబెట్టి తిట్టనియ్యి. నువ్వుంటే చాలు నాకు."

"ఉరుకు మరి."

"పోతున్న. చెయ్యి ఇడువు."

"ఏమని చెప్తవు?"

"మా అమ్మ పారణ చేసింది, రెండు గిన్నెల అన్నం తిన్నది అని."

"అట్ల చెప్పకు."

"మళ్ల మొదలుపెట్టకమ్మా."

"అట్ల చెప్తే నన్నొక్కదాన్నే ఆపుతరు బిడ్డ. నేను మెతుకు ముట్టలే. మీ అన్న ఆకలైతుందమ్మా అన్నడు. నా వంతుది సుత వానికే తినిపించిన."