ఉక్కులో కోసిన పేరు

హిందీ రాష్ట్రంలో తెలుగువాళ్లుండే సీతారాండేరా కాలనీ హాల్లో, పోయిన అన్న పేరున్న ఉక్కు ఫలకం ముందు నిలబడ్డాడు శ్రీకాకుళం నుంచి వచ్చిన తమ్ముడు. పక్కనే అన్న కూతురు కల్యాణి.

“ఏటే ఇది? ముసలయ్య అని నేదు. కొమ్మొక సోట, పొల్లొక సోట పడ్డాయి.”

“అర్రే! కోసే మిషన్‌కి ప్రోగ్రామ్ నేనే రాశాను బాబాయ్. తెలుగులో ఒక్కో అక్షరానికి కంప్యూటర్‌లో రెండు మూడు కోడ్‌లుంటాయి. వాటిని కలిపి ఉంచాలి. నేను దేనికది విడగొట్టేశాను.”

“కొయ్యకముందు సూసుకోనేదా?”

“చూశాను. ఠీక్ హై అన్నాను. నాకు తెలుగు చదవడం రాదు కదా.”

“ఆవిష్కరణకి కాలనీ అంతా వచ్చినాదన్నావు. ఒక్కలైనా సెప్పనేదా?”

“దండేసి, దణ్ణం పెట్టి, ఫొటోలు దిగారు. ఇక్కడ తెలుగు చదవడం వచ్చినోడు నాన్నొక్కడే, బాబాయ్.”